సోలెంట్ మీదకి ఓ గాలి పడవ

సౌతాంప్టన్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే చుట్టాలందరూ గూగుల్ చేసి కనుక్కున్న మొదటి విషయం ఒకటే. టైటానిక్ బయల్దేరిన ఊరు అదేనని. నిజమే, 1912 ఏప్రిల్ 10న ఆ ఓడ ఇక్కణ్నుంచే కదిలింది. అందుకే ‘ముగ్గురం కలిసి ఓ బోటు కొందామనుకుంటున్నాం’ అని వీడియో కాల్‌లో అన్నప్పుడు మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘ఎలాంటి బోటురా?’ అంది. ఫొటో పంపాను. ‘ఇదేంటి, గాలి కొట్టిన ట్యూబు! పేలితేనో?’

చాలామందికి వచ్చే మొదటి డౌటు ఇదే. కాబట్టి ముందు ఆ ట్యూబు సంగతి చూద్దాం.

దీని పేరు రిబ్. రిజిడ్ ఇన్‌ఫ్లేటబుల్ బోట్ అన్నమాట. కింద ఫైబర్‌తోనో అల్యూమినియంతోనో చేసిన గట్టి అడుగు ఉంటుంది, నీటిని కోసుకుపోయేలా వీ ఆకారంలో. దాని చుట్టూ గాలి నింపిన లావుపాటి ట్యూబు. ఆ ట్యూబు లోపల ఒకే గది ఉండదు, విడివిడిగా నాలుగైదు అరలుంటాయి. ఒకటి చిరిగినా మిగతావి తేలుస్తాయి. లైఫ్‌బోటు వాళ్లు, పోలీసులు, నేవీ వాళ్లు దీన్నే వాడేది అందుకే.

పుట్టింది కూడా ఈ దేశంలోనే. 1960ల్లో వేల్స్ తీరంలోని అట్లాంటిక్ కాలేజీలో రియర్ అడ్మిరల్ డెస్మండ్ హోర్, ఆయన విద్యార్థులు కలిసి తయారు చేశారు. సెయిలింగ్ నేర్చుకునే పిల్లల వెంట కాపలాకి గాలి పడవలు తిరిగేవి. రాళ్ల ఒడ్డుకి రాసుకుని వాటి అడుగులు ఊరికే అరిగిపోయేవి. సరే అని అడుగున ప్లైవుడ్ అతికించి చూశారు. అలా మొదలైన ప్రయోగం చివరికి పేటెంట్ దాకా వెళ్లింది. ఆ పేటెంట్‌ని ఇక్కడి లైఫ్‌బోటు సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐకి ఒక్క పౌండుకి ఇచ్చేశారు. 1972లో ఆ సంస్థలో చేరిన ‘అట్లాంటిక్ 21’ లైఫ్‌బోటుకి ఆ పేరు వచ్చింది ఈ కాలేజీ నుంచే.

ఈ నీళ్ల లెక్క వేరు

ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ ఐల్ ఆఫ్ వైట్ దీవికీ మధ్య ఉన్న జలసంధి పేరు సోలెంట్. పొడవు 32 కిలోమీటర్ల దాకా, వెడల్పు 4 నుంచి 8 కిలోమీటర్లు. ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కనిపిస్తుంటుంది. దాంతో ‘ఇదేం సముద్రం, పెద్ద చెరువులా ఉంది’ అనిపిస్తుంది. ఆ అభిప్రాయం పోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు.

నేను కాకినాడ వాణ్ని. మావైపు వేటకెళ్లేవాళ్లు పోటు, పాటు అంటారు. నీళ్లు ఎక్కడం పోటు, తియ్యడం పాటు. మావైపు ఆ తేడా మీటరు, మహా అయితే మీటరున్నర. సౌతాంప్టన్‌లో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో దాదాపు 4 మీటర్లు. పైగా ఇక్కడ పోటు ఒక్కసారి వచ్చి ఆగదు. నిండుగా వచ్చి, కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ నిండుతుంది. దీవికి రెండు పక్కల నుంచీ నీళ్లు రావడం వల్లే ఇలా అని ఊళ్లో చాలామంది చెప్తారు. అసలు కారణం మాత్రం ఇంగ్లిష్ ఛానల్ ఆకారం, లోతు. మనకి లాభం ఏంటంటే రెండు గంటల పైగా నీళ్లు నిండుగా ఉంటాయి, బోటు దించడానికీ ఎక్కించడానికీ తీరిక దొరుకుతుంది. నష్టం కూడా ఉంది. ఆ తర్వాత అన్ని నీళ్లూ తక్కువ సమయంలో బయటికి పోవాలి కాబట్టి పాటు చాలా జోరుగా లాగుతుంది.

పడమటి కొసన ఎనిమిదో హెన్రీ కట్టించిన హర్స్ట్ కోట దగ్గర దారి బాగా ఇరుకు. పెద్ద పాటు రోజుల్లో అక్కడ నీళ్లు 4 నాట్లకి పైగా పరిగెడతాయి. పాటు పడమరకి పోతుంది, ఇక్కడ ఎక్కువగా వీచే నైరుతి గాలి దానికి ఎదురొస్తుంది. రెండూ ఢీకొంటే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి ఊపిరి ఆడనివ్వకుండా లేస్తాయి. దాన్ని దాటితేనే నీడిల్స్. సముద్రంలోంచి లేచిన మూడు సుద్దరాతి గుట్టలు, చివర్న 1859 నాటి లైట్‌హౌస్. ఇన్‌స్టాలో చూసి అందరూ వెళ్దామనేది అక్కడికే.

మధ్యలో బ్రాంబుల్ బ్యాంక్ అనే ఇసుక దిబ్బ ఒకటుంది. ఏడాదిలో బాగా నీళ్లు తీసే రోజు చూసుకుని రెండు యాట్ క్లబ్బుల వాళ్లు దాని మీద క్రికెట్ ఆడతారు. 2015 జనవరి 3న కార్లు మోసే హోయెగ్ ఒసాకా అనే భారీ ఓడ పక్కకి ఒరిగిపోతుంటే, దాన్ని ఆ దిబ్బ మీదకే ఎక్కించి నిలబెట్టారు. క్రికెట్ గ్రౌండూ అదే, ఓడల ఆస్పత్రీ అదే!

ఇక పెద్ద ఓడల రూలు. 150 మీటర్లు దాటిన ఓడ ఈ దారిలో వస్తుంటే దాని ముందు 1,000 మీటర్లు, రెండు పక్కలా వంద మీటర్ల మేర చిన్న బోట్లు ఉండకూడదు. సెల్ఫీ కోసం క్రూయిజ్ షిప్ ముందుకి పోవడం ఇక్కడ నేరం.

బోటు కంటే ముందు ఎక్కేవాళ్లు

మేం ముగ్గురం. ఒకడు నెల్లూరు, ఒకడు వరంగల్, నేను. ముగ్గురిదీ సాఫ్ట్‌వేరే కాబట్టి మొదటి వారంలోనే స్ప్రెడ్‌షీట్ తయారైంది. పొడవు, హార్స్‌పవర్, ధర, ఏడాది... 40 వరుసలు. వరంగల్ వాడు దాన్ని చూసి ఒకే మాటన్నాడు. ‘అన్నీ మంచిగనే రాసినవ్ గానీ, ఎక్కేటోళ్లెవరో రాయకపోతివి గదా భై!’

అక్కడే మా లెక్క మారింది. ఎవరెక్కుతారు? మేం ముగ్గురం, నెల్లూరు వాడి భార్య, జులైలో వచ్చే మా అమ్మానాన్న. అంటే ఆరుగురు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి పాత నడుం నొప్పి. ఎక్కడికి? హాంబుల్ నది నుంచి కౌస్, అక్కణ్నుంచి యార్మత్, వాతావరణం బాగుంటే నీడిల్స్. రాత్రికి ఇల్లు. రానూ పోనూ సుమారు 40 నాటికల్ మైళ్లు.

అప్పుడు స్ప్రెడ్‌షీట్ పైన రెండే వాక్యాలు రాసుకున్నాం: ఆ రోజులో అన్నిటికంటే చెడ్డ గంట ఏది? బోటులో అందరికంటే ఎక్కువ భయపడేది ఎవరు? ఆ గంటని, ఆ మనిషిని తట్టుకునే బోటే మన బోటు. ఎండ కాస్తూ నీళ్లు అద్దంలా ఉన్న రోజున ఏ బోటైనా బాగానే ఉంటుంది.

మూడు శనివారాలు, మూడు బోట్లు

మొదటి శనివారం చూసింది 4.2 మీటర్లది. 40 హార్స్‌పవర్. తేలిక, చవక, చిన్న కారుతోనే లాగొచ్చు. ఇద్దరు చేపలు పట్టుకోవడానికి, నదిలో తిరగడానికి బంగారం లాంటి బోటు. ఆరుగురం ఎక్కితే మాత్రం సిటీ బస్సే. బోటు వెనక పలక మీద అతికించిన ప్లేటు చదవడం అలవాటు చేసుకోండి. ఎంతమంది ఎక్కొచ్చు, ఎంత బరువు, ఏ కేటగిరీ అన్నీ దాని మీద ఉంటాయి. తీరం వెంట డే ట్రిప్పులకి కనీసం ‘సి’ ఉండాలి. బ్యూఫోర్ట్ స్కేల్లో 6 దాకా గాలిని, 2 మీటర్ల దాకా అలల్ని లెక్కలోకి తీసుకుని డిజైన్ చేశారని దానర్థం. ‘డి’ అంటే చెరువులు, నదులు.

రెండో శనివారం 7.5 మీటర్లది. 225 హార్స్‌పవర్. నల్ల ట్యూబులు, స్పీకర్లు, నీలం లైట్లు. నెల్లూరు వాడు దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. ‘అబ్బా, ఇదిరా బోటంటే!’ ధర కూడా మా బడ్జెట్‌కి కాస్త అటూఇటూగానే ఉంది. అయితే పెట్రోలు ఇంజిన్ పూర్తి వేగంలో తాగే లీటర్లు తెలుసుకోవడానికి ఓ మోటు లెక్క ఉంది. హార్స్‌పవర్‌ని మూడుతో భాగించడమే. అంటే గంటకి 75 లీటర్లు! ట్రెయిలర్‌తో కలిపి దాని బరువు రెండు టన్నుల దగ్గర. మా కార్లేవీ లాగలేవు. సీట్లన్నీ గుర్రం మీద కూర్చున్నట్టు రెండు పక్కలా కాళ్లేసే జాకీ సీట్లు. అలల్లో మోకాళ్ల మీద లేచి నిలబడి కుదుపు కాచుకోవడానికి అవి భలే పనికొస్తాయి, కుర్రాళ్లకి. చీరతో మా అమ్మ ఎలా కూర్చుంటుంది? బోటుకి మార్కులు వందకి వంద, మాకు సున్నా.

మూడోది 5.8 మీటర్లది. ఫైబర్ అడుగు, వంద హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, మధ్యలో స్టీరింగు, దాని వెనక రెండు జాకీ సీట్లు, అన్నిటికంటే వెనక ముగ్గురు కూర్చునే బెంచీ, దానికి వీపు ఆనించుకునే దిండు. స్టీరింగు ముందు ఇంకో చిన్న సీటు. నీలం లైట్లు లేవు. 20 నాట్ల వేగంలో మైలుకి దాదాపు ఒక లీటరు. 40 మైళ్లకి 40 లీటర్లు. ఇక్కడ పెట్రోలుకి మూడో వంతుల సూత్రం చెప్తారు: మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా ఉంచడానికి. ఆ లెక్కన 60 లీటర్లు కావాలి. ఈ బోటు ట్యాంకు 90.

సబ్బునీళ్లు, స్క్రూడ్రైవరు, ఓపిక

పాత బోటు కొనేటప్పుడు మాకు పనికొచ్చిన చిట్కాలివి.

ట్యూబు బట్ట రెండు రకాలు. పీవీసీ చవక, అయితే ఏళ్ల తరబడి ఎండలో ఉంటే అతుకుల దగ్గర లేచిపోతుంది. హైపలాన్ ఖరీదెక్కువ, మన్నిక కూడా ఎక్కువే. డ్యూపాంట్ కంపెనీ దాని తయారీని 2010లో ఆపేసినా ఆ రకం బట్టని ఇక్కడ అందరూ ఇంకా ఆ పేరుతోనే పిలుస్తారు. సబ్బునీళ్లు తీసుకెళ్లి వాల్వుల మీద, అతుకుల మీద రాయండి. బుడగలొస్తే గాలి పోతున్నట్టే. సైకిల్ పంచరు చూసినంత సులువు.

వెనక ఇంజిన్ బిగించే పలకే బోటుకి వెన్నెముక. ఇంజిన్ కింది భాగం పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. పలక కదిలినా, వంగినా నమస్కారం పెట్టి వచ్చేయండి. అడుగున డ్రెయిన్ మూత విప్పి లోపల ఎంత నీరుందో చూడండి. వెనక పలకకి ఏనుగు తొండాల్లా వేలాడే గొట్టాలుంటాయి, వాటి పేరు కూడా ఎలిఫెంట్ ట్రంక్సే! అల లోపల పడితే ఆ నీళ్లు బయటికి పోయేది వాటిలోంచే. అవి చిరగకుండా ఉండాలి.

మొత్తం ధరలో పెద్ద భాగం ఇంజిన్‌దే. అందుకే ‘మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దండీ’ అని ఫోన్‌లో ముందే చెప్పాం. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూస్తేనే నిజం తెలుస్తుంది. స్టార్ట్ కాగానే పక్క నుంచి సన్నటి నీటి ధార రావాలి. అది రాకపోతే ఇంజిన్‌ని చల్లార్చే నీళ్లు తిరగడం లేదని అర్థం. ఎన్ని గంటలు నడిచిందో, సర్వీసు ఎప్పుడెప్పుడు చేయించారో కాగితాలు అడగండి. ఇంజిన్ నంబరు, బోటు మీద చెక్కిన 14 అక్షరాల హల్ నంబరు కాగితాలతో సరిపోవాలి. ఇంజిన్ దొంగతనాలు ఇక్కడ కొత్తేమీ కాదు.

అందరూ మర్చిపోయేది ట్రెయిలర్. ఉప్పునీళ్లలో మునిగి లేచే బేరింగులు, బ్రేకులు తుప్పు పట్టి హైవే మీద పట్టేస్తాయి. లైసెన్సు సంగతి కూడా చూసుకోవాలి. మన ఇండియా లైసెన్సుతో ఇక్కడ కారు నడపడానికి 12 నెలలే గడువు. బ్రిటిష్ కారు లైసెన్సు ఉంటే 2021 డిసెంబరు నుంచి వేరే పరీక్ష లేకుండానే 3,500 కిలోల దాకా ట్రెయిలర్ లాగొచ్చు. కారు సామర్థ్యం ఎంతో అది వేరే సంగతి.

ఆ చెడ్డ గంటలోనే చూశాం

ట్రయల్ రోజు కావాలనే పాటు జోరుగా ఉండే సమయం అడిగాం. అమ్మే పెద్దాయన నవ్వి ‘సరైన టైమే పట్టుకున్నారు’ అన్నాడు. కౌస్ దాటి యార్మత్ వైపు తిరిగేసరికి నైరుతి గాలి 15 నాట్లు, పాటు ఎదురు. 20 నాట్ల మీద పోతున్న బోటుని 12కి దించాల్సి వచ్చింది. ముందు సీట్లో కూర్చున్న వరంగల్ వాడు ప్రతి అలకీ ‘వామ్మో’ అన్నాడు. వెనక బెంచీ మీద నాకు మాత్రం ఆటోలో స్పీడ్ బ్రేకర్ దాటినంతే. బోటు ఏదైనా కుదుపు ముక్కు దగ్గర ఎక్కువ, వెనక తక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్లని ఫొటోల కోసం ముందు కూర్చోబెట్టకూడదు. రిబ్‌ల ముందు సీట్లలో వెన్నుపూస దెబ్బతిన్న కేసులు ఇక్కడ నమోదయ్యాయి. మా నాన్న సీటు ఆ రోజే ఖాయమైంది.

ఆగి ఉన్నప్పుడు ఇద్దరం ఒకే పక్కకి వెళ్లి నిలబడ్డాం. బోటు కాస్త ఒరిగింది, ట్యూబు నీటికి ఆనుకోగానే ఆగిపోయింది. ‘ట్యూబు పేలితేనో’ అన్న అమ్మకి చూపించడానికి ఆ వీడియో తీసి పెట్టాను. వెనక మడత నిచ్చెన కూడా దించి చూశాం. నీళ్లలో పడ్డవాడు తడిసిన బట్టలతో అంత లావు ట్యూబు ఎక్కి రాలేడు. నిచ్చెన లేని బోటు వద్దు.

తాళం చెవి కంటే ముఖ్యమైన తాడు

సొంత సరదాకి ఇక్కడి సముద్రంలో చిన్న బోటు నడపడానికి చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. వినడానికి బాగుంది కదా? నాకైతే భయమేసింది. అందుకే రెండు రోజుల ఆర్‌వైఏ పవర్‌బోట్ లెవెల్ 2 కోర్సు చేశాం. అందులో మొదటి పాఠం కిల్ కార్డ్. స్ప్రింగులా చుట్టుకుని ఉండే ఎర్ర తాడు. ఒక కొస ఇంజిన్ స్విచ్‌కి, ఇంకో కొస నడిపేవాడి కాలికి. మనిషి పడిపోతే స్విచ్ ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. 2013 మేలో కార్న్‌వాల్‌లోని ప్యాడ్‌స్టో దగ్గర ఓ కుటుంబంలోని ఆరుగురూ రిబ్‌లోంచి నీళ్లలో పడ్డారు. తాడు ఎవరికీ కట్టుకుని లేదు. ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ వాళ్ల మీదకే వచ్చింది. తండ్రి, కూతురు చనిపోయారు. ఈ కథ విన్నాక తాడు కట్టకుండా తాళం తిప్పాలంటే చెయ్యి రాదు.

లైఫ్ జాకెట్ బ్యాగులో కాదు, ఒంటి మీద ఉండాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పటి వార్తలు మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. అమ్మ అడిగిన రెండో ప్రశ్న అదే: ‘జాకెట్లు ఇస్తారా, ఊరికే చూపిస్తారా?’ పైగా ఇక్కడి నీళ్లు ఆగస్టులో కూడా 18 డిగ్రీల దగ్గరే. చలికాలంలో 7, 8. పడగానే ఊపిరి ఎగిసిపడుతుంది, ఈత వచ్చినవాడు కూడా నీళ్లు మింగేస్తాడు. అప్పుడు ఈదొద్దు, వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగండి అని ఆర్‌ఎన్‌ఎల్‌ఐ వాళ్లు ఊరూరా చెప్తుంటారు. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకుండా వీహెచ్ఎఫ్ రేడియో కూడా ఉండాలి, ప్రమాదానికి ఛానల్ 16. దానికి మాత్రం సర్టిఫికెట్ తప్పనిసరి.

వీసా ఉన్నన్నాళ్లు

బేరమాడి 18,000 పౌండ్లకి తీసుకున్నాం. మనిషికి ఆరు వేలు, మన డబ్బుల్లో దాదాపు ఏడు లక్షలు. కాకినాడలో స్థలం అడ్వాన్సుకి దాచిన డబ్బులోంచి నా వాటా తీశాను. నాన్నకి చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గింది. ఆయన ఒక్కటే అడిగారు, ‘అమ్మితే ఎంతొస్తుంది?’ అడగాల్సిన ప్రశ్న అది. మా ముగ్గురివీ వర్క్ వీసాలు. ఉద్యోగం పోతే సామాను సర్దుకోవడానికి ఎన్నో రోజులుండవు. అందుకే వింత సైజు, వింత ఇంజిన్ వద్దనుకున్నాం. ఐదున్నర, ఆరు మీటర్ల మధ్య, పేరున్న ఇంజిన్ ఉన్న రిబ్‌ని కొనేవాళ్లు ఇక్కడ ఎప్పుడూ ఉంటారు.

ఖర్చు కొనడంతో ఆగదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ట్రెయిలర్ పెట్టనివ్వరు. మెరీనాలో ఫోర్క్‌లిఫ్ట్‌తో ర్యాకుల్లో పేర్చి ఉంచే డ్రై స్టాక్‌లో పెట్టాం. దాని అద్దె, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపి ఏటా బోటు ధరలో కనీసం పదో వంతు పక్కన పెట్టుకోమని ఇక్కడి పాతకాపుల మాట. ఒక్కరే భరించాలంటే మాత్రం ముందు ఓ సీజన్ బోట్ క్లబ్బులో చేరి అద్దె బోట్లతో తిరిగి చూడండి. ఏడాదికి ఆరుసార్లు కూడా వెళ్లలేకపోతే సొంత బోటు అక్కర్లేదు.

మొదటి ట్రిప్పు నీడిల్స్‌కి పెట్టుకోలేదు. న్యూటౌన్ క్రీక్‌కి వెళ్లాం. ఐల్ ఆఫ్ వైట్ మీద నేషనల్ ట్రస్ట్ చూసుకునే మడుగులు, పక్షులు, గడ్డి ఒడ్లు. లోపల మెల్లగా వెళ్లి లంగరేశాం. నెల్లూరు వాడి భార్య పులిహోర డబ్బా తీసింది. ఇంజిన్ ఆపేశాక వినిపించేది ట్యూబుకి తగిలే నీళ్ల చప్పుడే. రెండు గంటలు ఉందామనుకున్నాం. టైడ్ టేబుల్ చూసి గంటన్నరకే లేచాం, నీళ్లు తీస్తే బురదలో కూర్చోవాల్సిందే.

జులైకి తేదీ కూడా చూసి పెట్టాను. అమావాస్యకీ పౌర్ణమికీ దూరంగా, పాటు నెమ్మదిగా ఉండే రోజు. ఉదయం పది గంటలకి, గాలి లేవకముందు. కౌస్ దాకా వెళ్లి ఐస్‌క్రీమ్ తిని తిరిగి రావడమే ప్లాను. అమ్మ ఇంకా ‘చూద్దాంలే’ అనే అంటోంది. లైఫ్ జాకెట్ సైజు మాత్రం నిన్న మెసేజ్ పెట్టింది.